డ్రిల్ జాబితాలో లేని ముగ్గురు

జూన్ 28

ఒరేయ్ సైరనూ,

ఫోన్లో ఏదైనా చెప్పబోతే సగంలోనే "సరే అక్కా, సరే సరే" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

రెండు నిమిషాల నలభై సెకన్లు! నిన్న మా బడిలో పెట్టిన ఫైర్ డ్రిల్ సంగతి చెబుతున్నాను. గంట కొట్టిన క్షణం నుంచి ఆఖరి పిల్ల ఆటస్థలంలో వరుసలో నిలబడేదాకా రెండు నిమిషాల నలభై. మూడు నిమిషాల లోపు రావాలన్నది నువ్వు పెట్టిన నియమమే కదా. మూడేళ్ళ క్రితం మొదటిసారి చేసినప్పుడు ఏడు నిమిషాలు పట్టింది. అప్పుడు నువ్వు నా టీచర్లందరి ముందూ "అక్కా, ఏడు నిమిషాల్లో పొగ మీ మూడంతస్తులూ చూసుకుని తిరిగొస్తుంది" అన్నావు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తమ్ముడు ఫైర్ సర్వీసులో శిక్షకుడై ఉండి, అక్క బడి వెనకబడిందంటే ఎవరికి తలవంపులు?

ఇప్పుడు చూడాలి నువ్వు. గంట మోగగానే పిల్లలు కుర్చీలు లోపలికి నెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా, గోడవారగా మెట్లు దిగుతారు. ప్రతి టీచర్ చేతిలో అట్టకు అతికించిన డ్రిల్ జాబితా. కిందికి రాగానే పేర్లు పిలవడం, టిక్కు పెట్టడం, చెయ్యెత్తడం. అన్ని చేతులూ లేచాక పిల్లలే చప్పట్లు కొడతారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయంటే నవ్వకు.

చిట్టి వాళ్ళ ముగ్గురికీ వేరే ఏర్పాటు చేశాన్లే. చిట్టి అంటే కాళ్ళకి కాలిపర్లు, అదే ఇనప కడ్డీల పట్టీలు, కట్టుకుని నడిచే పాప. రెండోవాణ్ణి మేము మౌని అంటాం. మామూలప్పుడు నోరు విప్పడు, గంట మోగితే మాత్రం చెవులు మూసుకుని కేకలు పెడతాడు. మూడోది కొత్తమ్మాయి. తన భాష మాకెవరికీ రాదు, మన భాష తనకి రాదు. ముగ్గురూ మూడో తరగతే. వాళ్ళకీ ఇబ్బంది లేకుండా, మాకూ ఇబ్బంది లేకుండా సర్దేశాను.

మీ బావ పాత రేడియో విప్పి భోజనాల బల్ల నిండా పరిచారు. వారం రోజులుగా చాపమీదే తింటున్నాం. మరదలిని అడిగానని చెప్పు.

నీ గంటమ్మక్క


జూలై 6

గంటమ్మక్కకి,

చివరిదాకా చదివాను. సాక్ష్యం కావాలంటే చెబుతున్నా, బావ రేడియో దగ్గరిదాకా వచ్చాను.

రెండు నలభై అంటే మాటలు కాదక్కా. మా ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మలేదు. పోయిన ఏడు తనిఖీకి వచ్చినప్పుడు మీ పద్ధతి నా కళ్ళతో చూశాను కాబట్టి గట్టిగా వాదించాను. మా పై అధికారి మీ డ్రిల్ పట్టిక తెప్పించుకుని, కింద నా చేత సంతకం పెట్టించి, ఇక్కడి పదకొండు బళ్ళకి నకళ్ళు పంపించారు. మీరూ ఇలాగే చేయండని. ఇక నీ కాళ్ళు నేలమీద నిలవవని నాకు తెలుసు.

ఆ ముగ్గురు పిల్లలకీ వేరే ఏర్పాటు చేశానన్నావు, చాలా మంచిపని. చాలా బళ్ళలో అలాంటి పిల్లల సంగతే పట్టించుకోరు. ఒక్కొక్కరికీ ఒక పెద్దమనిషిని తోడు పెట్టి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా.

మా ఇంటి ముచ్చట ఒకటి. మీ మరదలు మెట్లనిండా పూలకుండీలు పెట్టింది. ఊరందరి మెట్లూ ఖాళీ చేయించే మనిషిని, మా మెట్లమీద మాత్రం పక్కకి తిరిగి నడుస్తున్నాను. ఒకసారి గట్టిగా అడిగితే, "మంటలొస్తే నీళ్ళపైపు నా చేతిలోనే ఉంటుందిగా" అంది. నోరు మూసుకున్నాను.

నీ సైరన్


జూలై 19

తమ్ముడూ,

అక్షరాలు ఎలా ఉన్నా సర్దుకుని చదువు.

మొన్న బుధవారం ఉదయం మెట్లకింది మీటరు గదిలో వైర్లు కాలాయి. మంట పెద్దది కాదు, పొగ మాత్రం నల్లగా మెట్ల వెంబడే పైకి లేచింది. నేనే గంట కొట్టాను. రెండు నిమిషాల ముప్ఫై అయిదు సెకన్లలో అందరూ ఆటస్థలంలో ఉన్నారు. టీచర్లు పేర్లు పిలిచారు. అన్ని చేతులూ లేచాయి. పిల్లలు అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు. ఒరేయ్, నేను కూడా కొట్టాను.

అప్పుడు ఒకటో తరగతి పాప ఒకతి నా చీర పట్టుకుని లాగింది. "టీచర్, చిట్టక్క టాటా చెబుతోంది" అంది.

తలెత్తి చూశాను. పై అంతస్తులో డ్రాయింగ్ గది కిటికీ మూసి ఉంది. అద్దం వెనకాల చిట్టి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. దాని పక్కన ఇంకో రెండు తలకాయలు.

ఎలా ఎక్కానో నాకు తెలియదు. తడిపిన తువ్వాలు ముక్కుకి కట్టుకున్నానని తరవాత మా ఆయా చెబితే తెలిసింది. ఆవిడా నా వెనకాలే వచ్చింది. నేను చిట్టిని ఎత్తుకున్నాను, ఆవిడ మిగతా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుంది. డాక్టరు ముగ్గురి ఛాతీ పరీక్ష చేసి ఏమీ ఫరవాలేదన్నాడు. నాలుగు రోజులైంది, నాకు మాత్రం ఇంకా అన్నం సహించడం లేదు.

వాళ్ళ తరగతి మొదటి అంతస్తులో. కిందికి దిగాల్సిన పిల్లలు పైకి ఎక్కారు. పొగ కూడా పైకే వెళ్తోంది.

ఇంతకంటే రాయలేను.

అక్క


జూలై 24

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. నా ముఖం చూసి పక్కవాళ్ళు, "ఎవరైనా పోయారా?" అని అడిగారు. లేదు, లేదు అని చెప్పడమే ఒక అదృష్టం అనిపించింది.

ముందు నువ్వు స్థిమితపడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చూసింది చెబుతున్నాను. భయపడ్డ పిల్లలు పరిగెత్తరు, దాక్కుంటారు. మంచం కింద, బీరువాలో, దుప్పట్ల మధ్యలో. తమకు ఎక్కడ బాగుంటుందో అక్కడికే పోతారు. మీ ముగ్గురూ అలాగే కంగారుపడి డ్రాయింగ్ గదిలో దూరి ఉంటారు. తిట్టకు, కొట్టకు. కూర్చోబెట్టుకుని, గంట మోగితే దాక్కోకూడదని పదిసార్లు చెప్పు. వాళ్ళ అమ్మానాన్నలని పిలిపించి వాళ్ళకీ చెప్పు. వాళ్ళకి తోడు పెట్టిన పెద్దవాళ్ళు ఆ సమయంలో ఎక్కడున్నారో కూడా కనుక్కో. వాళ్ళని మాత్రం నిలదీయాల్సిందే.

ఒక మంచిమాట. కిటికీ మూసి ఉందన్నావు, తలుపూ మూసుకునే ఉంటారు, అందుకే పొగ లోపలికి రాలేదు. ఎవరు చేశారో గాని ఆ పని వాళ్ళని కాపాడింది.

ఒక్కటి మాత్రం నాకు అంతుబట్టడం లేదు. ముగ్గురు పైన ఉండగా అన్ని చేతులూ ఎలా లేచాయి? మూడో తరగతి టీచర్ పేర్లు చదవకుండానే చెయ్యెత్తిందా? అలాగైతే ఆవిడకి మెమో ఇవ్వు. నీ మొహమాటం నాకు తెలుసు, ఈసారి మొహమాటపడకు.

సైరన్


జూలై 28

తమ్ముడూ,

మూడో తరగతి టీచరుకి మెమో ఇవ్వలేదు. ఆవిడ తన అట్టమీదున్న ఇరవై ఒక్క పేర్లూ చదివింది. ఇరవై ఒక్కమందీ పలికారు. ఆ తరగతిలో పిల్లలు ఇరవై నలుగురు. ఆ మూడు పేర్లూ నేనే తీసేశాను.

నువ్వు అనుకున్న ఏర్పాటు కాదురా నేను చేసింది. ఏ పెద్దమనిషినీ తోడు పెట్టలేదు. చిట్టి మెట్లు దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మౌని మధ్యలో కూలబడితే వెనకాల వరుసంతా ఆగిపోతుంది. కొత్తమ్మాయికి ఎటు పొమ్మంటున్నామో తెలియదు. అందుకని డ్రిల్ రోజున ముందే వాళ్ళని ఆయా చేత డ్రాయింగ్ గదికి పంపించేసేదాన్ని. అక్కడ కొత్త రంగుల పెట్టె వాళ్ళ ముగ్గురికే. గంట మౌనికి వినపడకుండా తలుపూ కిటికీలూ మూసుకోమని చిట్టికి నేనే నేర్పాను. డ్రిల్ అయ్యాక నేనే వెళ్ళి పిలుచుకొచ్చేదాన్ని. జాబితాలో వాళ్ళ పేర్లుంటే ప్రతిసారీ లెక్క తప్పుతోందని కొత్త అట్టలు రాసినప్పుడు ఆ పేర్లు రాయలేదు. పిల్లల్ని వదిలేస్తున్నానని నాకు ఒక్కనాడూ తోచలేదు. ముద్దు చేస్తున్నాననుకున్నాను.

వాళ్ళు దాక్కోలేదు. డ్రిల్ డ్రిల్‌కీ నేను నేర్పిందే చేశారు. గంట మోగింది, డ్రాయింగ్ గదికి వెళ్ళారు. ఆ రోజు ఎత్తుకుని తీసుకెళ్ళడానికి ఆయా దగ్గర లేదు, కిందే ఉండిపోయింది. చిట్టి మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. కొత్తమ్మాయి వెనక నుంచి తోసింది. ఇది విను. ఎదురుగా దిగుతున్న పిల్లలు గోడకి ఒత్తిగిలి వాళ్ళకి దారి ఇచ్చారు. ఇద్దరు టీచర్లు కూడా చూశారు. ఒకావిడ నాతో, "డ్రిల్ అంటే ఎప్పుడూ పైకి వెళ్ళేవాళ్ళేగా మేడమ్, నాకేం అనిపించలేదు" అంది. ఆవిణ్ణి ఏమనమంటావు?

నేను తలుపు తోసేసరికి మౌని బల్లకింద కూర్చున్నాడు. చిట్టి వాడి చెవులు తన రెండు చేతులతో మూసి పట్టుకుని ఉంది. నన్ను చూసి, "అయిపోయిందా టీచర్? ఈసారి తొందరగా వచ్చేశారే!" అంది.

పదమూడు రోజులుగా ఆ ఒక్క మాటే నా చెవుల్లో తిరుగుతోంది. పంపు తిప్పినా అదే, పాఠం చెబుతున్నా అదే.

ఇంకొకటి కూడా రాయాలి. నీకు కోపమొచ్చినా రాస్తాను. పోయిన ఏడు తనిఖీకి వచ్చినప్పుడు నువ్వు ఆ గదిలోకి తొంగిచూశావు. మౌని ఎర్ర బండి బొమ్మ గీస్తుంటే వాడి పక్కన కూర్చుని నిచ్చెన ఎలా గీయాలో చూపించావు. బయట గంట మోగుతూనే ఉంది. నువ్వూ చూశావు తమ్ముడూ. ఇద్దరం చూశాం.

చిట్టిని వాళ్ళమ్మ బడికి పంపడం మానేసింది. మిగతా ఇద్దరూ వస్తున్నారు గాని, పక్కన అది లేకపోతే మౌని గుమ్మం దాటడం లేదు.

అక్క


ఆగస్టు 5

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చించేశాను. మొదటిదాంట్లో నిన్ను నానా మాటలూ అన్నాను. రెండోదాంట్లో నన్ను నేను సమర్థించుకున్నాను. మిగతా రెండూ నీకు చెప్పేంతటివి కావు.

అవును, చూశాను. ఒంట్లో బాగాలేని పిల్లలనుకున్నాను. అడగలేదు. నిచ్చెన గీసి, జేబులోంచి గడియారం తీసి సెకన్లు చూసుకుంటూ కిందికి దిగిపోయాను. మా ఉద్యోగంలో మొదట నేర్పే పాఠమే, లోపల ఇంకెవరున్నారని అడగడం. కాలిపోతున్న ఇంటిముందు ఆ ప్రశ్న వెయ్యని రోజు లేదు. నీ బడిలో మాత్రం వెయ్యలేదు. అక్క బడి కదా అని.

నీ ఉత్తరం అందిన మర్నాడే బయలుదేరాను. నా సంతకంతో నీ పట్టిక వెళ్ళిన పదకొండు బళ్ళకీ. ఇప్పటికి నాలుగు చూశాను. ఒకదాంట్లో చూపు సరిగ్గా లేని బాబుని డ్రిల్ రోజున కాపలాదారు గదిలో కూర్చోబెడుతున్నారు. ఒకదాంట్లో మూర్ఛలొచ్చే పాపని ఆ రోజు బడికే పంపొద్దని చీటీ రాస్తున్నారు. మూడోచోట ఆఫీసు గది, నాలుగోచోట సామాన్ల గది. ఎవరూ దుర్మార్గులు కారక్కా. అందరూ నీలాగే బిస్కెట్లో బొమ్మల పుస్తకాలో ఇచ్చి కూర్చోబెడుతున్నారు. ఒక హెడ్మాస్టరు మీద అరికాలి మంట నెత్తికెక్కి అరిచేశాను. ఆయన సొరుగు లాగి నా సంతకమున్న కాగితం బల్లమీద పెట్టాడు. "ఈ టైములోపు రావాలన్నారు కదండీ" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

మా పై అధికారికి రాసి ఇచ్చాను. ఆ పట్టికలన్నీ వెనక్కి తెప్పిస్తున్నారు. నామీద విచారణ ఉంటుందట, ఉండనీ.

ఇప్పుడు పని సంగతి. నువ్వు ఇన్నాళ్ళూ చెయ్యాల్సింది, నేను చెప్పాల్సింది. మూడో తరగతిని కింది అంతస్తుకి మార్చు. దిగడానికి మెట్లే లేకపోతే ఆలస్యమెక్కడిది? ఈ మాట మూడేళ్ళలో మనిద్దరిలో ఒక్కరికీ తట్టకపోవడం చూస్తే నాకు దిమ్మ తిరుగుతోంది. మౌనికి గంటని కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి, చెవులకి తొడుగులు వాడి బల్లకే తగిలించి ఉంచు. కొత్తమ్మాయికి అర్థమయ్యే సైగ ఒకటి పెట్టి బడి మొత్తానికీ నేర్పు. ఒక్కొక్కరికీ ఒక పెద్దమనిషి, ఆ మనిషి రాకపోతే ఇంకొకరు. జాబితా మాత్రం హాజరుపట్టీ చూసి కొత్తగా రాయి. టైము ఎంత పట్టినా పట్టనీ.

చిట్టి ఇంటికి వెళ్ళావా? వెళ్ళకపోతే వెళ్ళు. క్షమించమని అడగడానికి మాత్రమే వెళ్ళకు. ఆ పిల్ల ఏమడుగుతుందో విను.

తమ్ముడు


ఆగస్టు 21

తమ్ముడూ,

వెళ్ళాను. వాళ్ళమ్మ బస్సు కండక్టరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది, యూనిఫామ్ కూడా మార్చుకోలేదు. కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. నన్ను నాలుగు తిడుతుందని గుండె దిటవు చేసుకుని కూర్చున్నాను. తిట్టలేదు.

"డ్రిల్ అంటే మా పాప ముందురోజు నుంచే సంబరపడేదండీ. నన్ను బళ్ళో ప్రత్యేకంగా చూస్తారమ్మా అనేది. నేనూ మురిసిపోయాను" అంది. గ్లాసు తీసుకుంటూ, "మీరు చెడ్డవాళ్ళయితే బాగుండేదండీ. ఇంకో బడికి మార్చేసేదాన్ని. మీరే దాన్ని ఇంత ముద్దుగా చూసి కూడా ఇలా చేస్తే, ఇక ఎవర్ని నమ్మి ఎక్కడ వెయ్యమంటారు?" అంది.

చిట్టి మంచంమీద కూర్చుని కాలిపర్ బెల్టు బిగించుకుంటోంది. నావైపు చూడకుండా అడిగింది.

"ఆ రోజు మీరంతా చప్పట్లు కొట్టారుగా టీచర్. పైకి వినిపించింది. ఎందుకు కొట్టారు?"

ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి సర్దిచెప్పడమే నా పని. కానీ ఆ ముఖం చూస్తే అబద్ధం నోటికి రాలేదు. "అందరూ వచ్చేశారని కొట్టాం" అన్నాను.

"మేం రాలేదుగా?"

"రాలేదు. మీ పేర్లు నేను జాబితాలోంచి తీసేశాను. అందుకని మీరు రాలేదని ఎవరికీ తెలియలేదు. తప్పు నాదే."

ఎనిమిదేళ్ళ పిల్ల, బిగిస్తున్న బెల్టు వదిలేసి నాకేసి చూసింది. పొగ వచ్చినప్పుడు కూడా అంత భయపడి ఉండదు. అప్పటిదాకా దానికి తెలియదు తమ్ముడూ. తాము పైన ఉన్నామని కిందున్న అందరికీ తెలుసనే అనుకుందట. నిజం చెప్పి ఆ పిల్లకి రెండోసారి నేనే అన్యాయం చేశానేమోనని ఇంటికొచ్చి ఏడ్చాను. మీ బావ రేడియో పక్కన పెట్టి, "అడిగింది కాబట్టి చెప్పావు. ఇప్పుడు చెయ్యాల్సింది చెయ్యి" అన్నారు.

చేశాను. కింది అంతస్తులో ఖాళీ గది లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఉంది, నా గది. తివాచీ, బడి గెలుచుకున్న కప్పులు, నేను, ఇంత పెద్ద గదిలో. వాటన్నిటితో నేను పై అంతస్తుకి మారాను, మూడో తరగతి కిందికి వచ్చింది. మౌని రోజూ ఉదయం గంట దగ్గరికొచ్చి తానే మెల్లగా ఒక దెబ్బ కొడుతున్నాడు. తన చేత్తో కొడితే వాడికి అంత బాధ లేదు. నిన్నటికి మూడు దెబ్బలైంది. కొత్తమ్మాయి కోసం పెట్టుకున్న సైగ ఇప్పుడు పిల్లలంతా భోజనాల గంటకి కూడా వాడుకుంటున్నారు. కొత్త జాబితా నేను రాయలేదు, ప్రతి తరగతిలోనూ పిల్లల చేతే వాళ్ళ వాళ్ళ పేర్లు రాయించాను. చిట్టి గడి ఒక్కటే ఖాళీగా ఉండిపోయింది.

నేను వెళ్ళొచ్చిన తొమ్మిదో రోజున వాళ్ళమ్మ బస్సు దిగి, దాన్ని నడిపించుకుంటూ తీసుకొచ్చింది. నాకేసి ఒకసారి చూసి మళ్ళీ బస్సెక్కింది. చిట్టి పేరు రాసుకుంది.

నిన్న డ్రిల్ పెట్టాం. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. నీ లెక్కన మేం ఇప్పుడు ఎందుకూ పనికిరాని బడి. మౌని మధ్యలో రెండుసార్లు ఆగాడు, వరుస కూడా వాడి కోసం ఆగింది. చిట్టి ఆయా చెయ్యి పట్టుకుని తన కాళ్ళమీద తనే నడిచి వచ్చింది. అందరి చేతులూ లేచాయి. మూడో తరగతి టీచర్ "ఇరవై నాలుగు" అని గట్టిగా అరిచింది. నేను మళ్ళీ ఒకసారి తలలు లెక్కపెట్టి, "అందరూ వచ్చేశారమ్మా, కూర్చోండి" అన్నాను.

అందరూ కూర్చున్నారు. చిట్టి మాత్రం నిలబడే ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి, అయినా కూర్చోదు. పై కిటికీలకేసి చూస్తోంది. దగ్గరికెళ్ళి, "ఏమ్మా, నీ పేరు పిలిచాం కదా?" అన్నాను.

"పిలిచారు. పైన ఇంకెవరైనా ఉండిపోయారేమో ఒకసారి చూసి రండి టీచర్" అంది.

జాబితా చూపించబోయాను. దానికేసి కూడా చూడలేదు. సిగ్గుతో నా ముఖం మాడిపోయింది, కానీ ఆ పిల్ల అడిగినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఎక్కాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. ఒక్కొక్క అంతస్తూ, ఒక్కొక్క గదీ, బల్లల కిందా, తలుపుల వెనకా చూశాను. బడి మొత్తం కింద ఎండలో కూర్చుని నా కోసం ఎదురుచూసింది. దిగి వచ్చి, "ఎవరూ లేరమ్మా, అంతా చూశాను" అని చెప్పాను.

అప్పుడు గాని చిట్టి కూర్చోలేదు.

అక్క